దేశం దాటిన పీర్ల మలీద

మొన్న మా అత్తగారి ఊరి నుంచి చుట్టాలమ్మాయి ఒకతి నన్ను చూడడానికి వచ్చింది. వస్తూ వస్తూ చేతిలో ఒక అట్టపెట్టె పట్టుకొచ్చింది. "పెద్దమ్మా, నీకు మలీద అంటే పానమంట గద, తెచ్చిన" అని నా ఒళ్ళో పెట్టింది. తెరిచి చూస్తే లోపల గుండ్రటి ముద్దలు, వాటి మీద జీడిపప్పు, కిస్మిస్, ఆపైన వెండిరేకు. పెళ్ళికూతురికి కూడా అంత ముస్తాబు ఉండదు. ఒకటి నోట్లో వేసుకున్నాను. తీపికి తీపి ఉంది, నెయ్యికి నెయ్యి ఉంది, కానీ రొట్టె కాలిన వాసన లేదు. "ఎవలు చేసిన్రే?" అని అడిగితే, "మిఠాయి దుకాణంల కొన్న పెద్దమ్మా, ఇప్పుడు ఇంట్ల ఎవలు దంచుతున్నరు?" అంది. పిల్ల చిన్నబుచ్చుకుంటుందని ఇంకోటి కూడా తిన్నాను. అది వెళ్ళిపోయాక ఆ పెట్టె మళ్ళీ తెరిచాను. మా అత్త బతికి ఉంటే ఆ వెండిరేకును చూసి ఎన్ని మాటలు అనేదో తలుచుకుంటే నాలో నాకే నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్ళు తడిశాయి కూడా.

నేను పుట్టింది ఆలేరు దగ్గర పల్లెలో. గొర్లు, మేకలు, ఇంత చెలక, అదే మా బతుకు. మా దిక్కు మలీద అంటే సద్దుల బతుకమ్మ నాటి సంగతి. మా అవ్వ సజ్జరొట్టెలు కాల్చి, వేడి మీదే నలిపి, బెల్లం కలిపి ముద్దలు చేసేది. బతుకమ్మను సాగనంపి వచ్చేటప్పుడు దోసిట్లో ఒక ముద్ద పెడితే, చీకట్లో నడుస్తూ కొరుక్కు తినేవాళ్ళం. పెళ్ళయి పాలమూరు దిక్కు, ఆలంపూర్ పోయే తోవలో ఉన్న అత్తగారి ఊరికి కాపురానికి వెళ్ళాక తెలిసింది, అక్కడ మలీద బతుకమ్మది కాదు, పీర్లది అని. మేము ఎల్లమ్మను కొలిచేవాళ్ళమే, మల్లన్నకు బోనం పెట్టేవాళ్ళమే. అయినా మొహర్రం నెల పొడిచిందంటే ఊరు ఊరంతా పీర్ల సావిడి దగ్గరే ఉండేది. సావిడి ముందు గుండం తవ్వి, మొద్దులు వేసి నిప్పు చేసేవాళ్ళు. రంగు గుడ్డలు చుట్టిన పీర్లను ఎత్తుకుని ఆడుతుంటే డప్పుల మోతకు ఇంట్లో గిన్నెలు కూడా అదిరేవి. ఆఖరు రోజున ఇంటింటి నుంచి ఆడవాళ్ళు కొత్త ముంతల్లో షర్బత్తు, పళ్ళెంలో మలీద పట్టుకుని పోయేవాళ్ళు. సావిడి చూసుకునే ముజావరు తాత ఊదు వేసి, ఫాత్యా చదివి, ఒక చిటికెడు నోట్లో వేసుకున్నాక గాని మిగతావాళ్ళు ముట్టేది లేదు. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు ఈ సంగతి తెలియక, దంచేటప్పుడు రుచి చూద్దామని ఇంత నోట్లో వేసుకోబోతే మా అత్త నా మణికట్టు పట్టుకుంది. "ఓ ఆలేరు పిల్లా! పీరు తినక ముందే నువ్వు తింటవా? పానం ఆగుతలేదా?" అంది. ఇరుగుపొరుగు వాళ్ళంతా నవ్వారు, నాకు ఏడుపొచ్చింది.

మా అత్త పేరు నర్సమ్మ. పొట్టి మనిషి, నోరు పెద్దది. మా ఆయన కంటే ముందు ఆమెకు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదు. ఒకరు పురిట్లోనే, ఒకరు పాలు తాగే వయసులో, అట్లా పోతూ వచ్చారట. మా ఆయన కడుపులో ఉండగా ఆమె సావిడి ముందు సాగిలపడి మొక్కుకుంది. వీడు దక్కితే తను బతికున్నన్నాళ్ళు పండుగ ఆఖరు రోజున ఒక్కపొద్దు ఉండి, తన చేతితో రొట్టె కాల్చి, తన చేతితో దంచి, మలీద తెచ్చి చదివిస్తానని. వాడు దక్కాడు. అందుకే పీరయ్య అని పేరు పెట్టారు. మొగుడి పేరు చెప్పకూడదని మా కాలంలో అనేవాళ్ళు గాని, ఈ వయసులో చెబితే వచ్చే పాపమేమీ లేదు. ఒక ఏడు ఎవరో చనిపోయి మైల పడితే ఆమె మలీద చెయ్యలేకపోయింది. ఆ ఏడే మా ఆయనకు విషజ్వరం వచ్చి కర్నూలు దవాఖానలో పడుకోబెట్టాల్సి వచ్చింది. ఇక ఆ తర్వాత ఆమెను ఎవరూ, ఏమీ ఆపలేకపోయారు. పిల్లాడు పెద్దవాడయ్యాడు, చదువుకున్నాడు, బడిలో లెక్కలు చెప్పే పంతులయ్యాడు. ఆమె కంటికి మాత్రం ఇంకా దవాఖాన మంచం మీద ఉన్న పిల్లాడే.

అట్లాంటి మనిషిని మేము ఇథియోపియాకు తీసుకుపోయాం. ఆ రోజుల్లో అక్కడి బడులకు మన దేశం నుంచి పంతుళ్ళను తీసుకుంటుండేవాళ్ళు. మా ఆయనకు కూడా పిలుపు వచ్చింది. "నువ్వు ఊర్లె ఉండమ్మా, రెండేండ్లల్ల వస్తం" అని ఆయన అంటే, "నువ్వు లేని ఊర్లె నాకేం పని? నేను గూడ వస్త" అని ఆమె మూట కట్టింది. బొంబాయిలో ఓడ ఎక్కి, దిగాక రైలెక్కి, ఆపైన లారీలో గుట్టలెక్కి ఒక చిన్న ఊరు చేరాం. ఊరు చూసిన మొదటి రోజే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఎందుకంటే ఎదురుగా గొర్ల మంద! మంద వెనక బొంత లాంటి తెల్లటి దుప్పటి కప్పుకుని, భుజం మీద కట్టె అడ్డంగా పెట్టుకుని కాపరి. నల్ల గొంగడి ఒక్కటి వేస్తే మా బాపే అనుకోవాలి. జొన్నచేలు కూడా ఉన్నాయి. మా అత్త కంకి ఒకటి తుంచి, అరచేతిలో నలిపి, ఊది, నోట్లో వేసుకుని, "జొన్ననే, గని మన జొన్న గాదు" అని తేల్చేసింది. ఆ దేశపు పుల్లటి అట్టు ఆమెకు సహించలేదు. నేను జొన్నరొట్టె చేస్తే తినేది. ఎత్తు ప్రదేశం కాబట్టి నాలుగడుగులు వేస్తే ఆయాసం. అయినా నోరు మాత్రం పాలమూరులో ఎట్లా ఉందో అక్కడా అట్లాగే ఉంది.

బక్రీదు పోయింది. ఆ తర్వాతి నెలపొడుపు కోసం ఆమె రోజూ సాయంత్రం వాకిట్లో నిలబడి పడమటి దిక్కు చూసేది. సన్నటి చంద్రవంక కనబడగానే లోపలికి వచ్చి, "పీర్లు లేస్తున్నయి" అంది. ఆ మాట అన్నప్పటి నుంచి ఆమె మొహంలో రంగు మారిపోయింది. ఆ దేశంలో పీరు ఎక్కడ, సావిడి ఎక్కడ, ముజావరు ఎక్కడ? మా ఆయన లెక్కల పంతులు గదా, నిమ్మళంగా చెప్పబోయాడు. "అమ్మా, దేవుడు అంతట ఉంటడు. మలీద చేసి ఈడ్నె పెట్టి దండం పెట్టుకో" అన్నాడు. "సదివించక పోతే అది మలీద గాదు, ఒట్టి రొట్టె ముక్కలు" అంది ఆమె. అంతలో ఆయన తుమ్మాడు. అంతే! నా వైపు తిరిగి, "సూసినవా? సురువైంది" అంది. తుమ్మిన ఆయనను వదిలేసి నన్ను చూసింది ఆ చూపు, నేనే తుమ్ము తెప్పించినట్టు. ఆ రోజు నుంచి ఆమె తిండి తగ్గింది. సగం రొట్టె తిని చాలనేది. అది అలక కాదు, బెదిరింపు అంతకన్నా కాదు, భయం. రాత్రి లేచి కొడుకు నుదురు మీద చెయ్యి పెట్టి చూసి మళ్ళీ పడుకునేది. ఆ ఎత్తులో, ఆ చలిలో, ఆ వయసులో ఆమె అట్లా ఎండిపోతూ వచ్చింది. మలీద సంగతి తేలకపోతే ఈ మనిషిని మళ్ళీ ఊరు చూపిస్తామా అని భయపడ్డాను.

మలీద చెయ్యడమైనా సులువైందా అంటే అదీ లేదు. గోధుమలు దొరికాయి, బెల్లం దొరకలేదు. చక్కెర వేద్దామంటే, "చక్కెర ఏస్తె చాయ అయితది, మలీద గాదు" అంది. ఆ ఊళ్ళో తేనె మాత్రం కుండలకు కుండలు అమ్మేవాళ్ళు. తేనె పంచామృతంలో పోస్తాం గదా అని నేను వాదించాక, కొంచెం సేపు ఆలోచించి ఒప్పుకుంది. అంగట్లో దొరికే నెయ్యిలో ఏవేవో దినుసులు వేసి కాస్తారు, ఉల్లి వాసన వచ్చేది. అందుకని పాలు కొని, తోడేసి, ఆమే చిలికి వెన్న తీసింది. రొట్టెలు కాల్చే పెంక మా ఇంటి యజమానురాలు ఇచ్చింది. మట్టిదే, కాకపోతే బండి చక్రమంత వెడల్పు. ముందు రోజు అలవాటు చేసుకుందామని నేను ఒక రొట్టె కాల్చాను. అక్కడ పొయ్యిలోకి నీలగిరి కట్టెలు, ఆకులు వాడతారు. రొట్టె చక్కగా పొంగింది, గోధుమరంగు చుక్కలు కూడా పడ్డాయి. గర్వంగా తీసుకెళ్ళి చూపించాను. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని, దూరంగా పెట్టి, మళ్ళీ దగ్గర పెట్టుకుంది. "గిదేందే, గీ రొట్టె దవాఖాన వాసనొస్తాంది!" అంది. నేనూ వాసన చూశాను. నిజమే, జలుబు మందు! ఎన్నో రోజుల తర్వాత ఇద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వి నవ్వి ఆయాసం వచ్చి ఆమె గోడకు ఆనుకుంది. మర్నాటికి పిడకలు తెచ్చాను. అక్కడి వాళ్ళూ మనలాగే పేడను గోడలకు కొట్టి ఎండబెడతారు, ఆ విషయంలో ఆ దేశం మన దేశమే.

చదివేవాళ్ళను వెతకడంలో ఇంకో తమాషా జరిగింది. ఇంటి యజమానురాలు కాఫీ గింజలు వేయించేటప్పుడు పక్కన నిప్పుల మీద ఊదు వేసేది, అది వాళ్ళ మర్యాద. ఆ పొగ మా గోడ దాటి రాగానే మా అత్త లేచి, కొంగు సర్దుకుని, గబగబా వాళ్ళింట్లోకి వెళ్ళింది. నేను వెనకాలే పరుగెత్తాను. వెళ్ళేసరికి ఆ పొగ ముందు చేతులు జోడించి, కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. "ఈమె సాయబులామెనే బిడ్డా, ఊదు ఏస్తాంది, అడుగు, ఫాత్యా సదువుతదేమో అడుగు" అంది నాతో. నాకు అంగట్లో బేరమాడేంత భాషే వచ్చు. చేతులు తిప్పి, తల తిప్పి ఎట్లాగో అడిగాను. ఆమె ఆశ్చర్యపోయి, జాకెట్టు లోపలి నుంచి దారానికి కట్టిన సిలువ తీసి చూపించింది. మా అత్త మొహం వాడిపోయింది. ఆమె మాత్రం మంచిది. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, ఊరి చివర గుడ్డల దుకాణం హాజీ ఉన్నాడని, ఆయనకు ఫాతిహా వచ్చునని చెప్పింది. ఆ ఒక్క మాట మా అత్తకు నేను చెప్పకుండానే అర్థమైంది. "ఫాత్యా అన్నదే! ఆమె నోటెంట అన్నది!" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పండుగ ఆఖరు రోజు తెల్లవారుజామునే లేచి తలస్నానం చేసింది. నన్ను పిండి కూడా ముట్టనివ్వలేదు, పిడకలు అందించడం వరకే నా పని. మందంగా రొట్టెలు చేసి, చిన్న మంట మీద, అంచులు కూడా కాలేదాకా అరచేత్తో తిప్పుతూ కాల్చింది. ఆ పిండి కాలే వాసనకు నాకు ఆ గది, ఆ దేశం అన్నీ మరుపున పడి, పాలమూరు వంటింట్లో కూర్చున్నట్టే అనిపించింది. కాల్చిన రొట్టెలను వేడి వేడిగా రోట్లో వేసి దంచింది. రెండు పోట్లు వేయడం, ఊపిరి తీసుకోవడం. "నేను దంచుత అత్తమ్మా" అంటే, "మొక్కు నాది, రెక్కలు నీయా?" అంది. తేనె, వెన్న కాచిన నెయ్యి, సోంపు గింజలు వేసి కలిపి, ఇత్తడి పళ్ళెంలో గోపురం లాగా పేర్చి, తెల్లటి గుడ్డ కప్పింది. మా ఆయన బడికి వెళ్ళాడు. ఎండ కాస్త తగ్గాక మేమిద్దరం బయలుదేరాం. ఆమె తాగింది నీళ్ళు మాత్రమే. తోవలో నాలుగుచోట్ల కూర్చుంది, కానీ పళ్ళెం మాత్రం నా చేతికి ఇవ్వలేదు.

హాజీ ముసలాయన. తెల్లటి గడ్డం, నెత్తిన అల్లిక టోపీ, చుట్టూ గుడ్డల తానులు. ముందు మేము గుడ్డ కొనడానికి వచ్చామనుకున్నాడు. నేను నా కాస్త భాషతో, వేళ్ళతో, మొహంతో చెప్పాను. ఈమె మా అత్త, కొడుకు కోసం మొక్కుకుంది, ఫాతిహా చదవాలి. "మీరు ముస్లిములా?" అన్నాడు. కాదన్నాను. "మరి?" అన్నాడు. మా ఊళ్ళో ఎవరూ ఎవరినీ ఆ మాట అడిగిన పాపాన పోలేదు. అంతలో మా అత్త ముందుకొచ్చి, పళ్ళెం బల్ల మీద పెట్టి, గుడ్డ తీసి, రెండు చేతులూ చాచి, "ఫాత్యా" అంది. మా పీరు పేరు చెప్పి, "ఉసేను" అంది. తర్వాత చెయ్యి మోకాలి ఎత్తున పెట్టి, "పిలగాడు" అంది. మా ఆయన అప్పటికి ఆరడుగుల మనిషి! హాజీ ఆమెను, పళ్ళేన్ని, మళ్ళీ ఆమెను చూశాడు. ఇంకేమీ అడగలేదు. చేతులు కడుక్కుని వచ్చి, నిప్పుల మీద ఊదు వేసి, కళ్ళు మూసుకుని మెల్లగా, పూర్తిగా చదివాడు. మా అత్త పెదవులు కదులుతున్నాయి. ఆమెకు ఆ మాటల అర్థం తెలియదు, వాటి నడక తెలుసు. ఎక్కడ ఆగుతాయో అక్కడ ఆగింది.

చదవడం అయిపోయింది. మా అత్త పళ్ళెం ఆయన ముందుకు జరిపింది. ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. ఆమె ఇంకొంచెం జరిపింది. ఆయన మళ్ళీ తల ఊపాడు. ఆమె చేతులు అట్లాగే నిలబడిపోయాయి. "తినడట" అంది నాతో. "మన చేతిది తినడట. గింత దూరం వచ్చి గిట్లయింది సూడు. ఆయన తినకుంటె అది ముట్టనట్టే గదనే, నా పిలగాడు ఎట్లనే?" ఆమె కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. హాజీ కంగారుపడి, కడుపు మీద చెయ్యి పెట్టి, నోటి మీద వేలు పెట్టి, పడమటి దిక్కు సూర్యుడిని చూపించాడు. ఆకలి, నోరు మూత, సూర్యుడు. అప్పుడు గాని నా మట్టిబుర్రకు ఎక్కలేదు. ఆయన ఉపవాసం! వాళ్ళ లెక్కలోనూ అది పెద్ద రోజే. వాళ్ళు మనలాగా డప్పులు కొట్టి ఆడరు, ఉపవాసం ఉంటారు.

"అత్తమ్మా, ఆయన గూడ ఒక్కపొద్దట" అన్నాను. ఆమె ఏడుపు ఆపి, ఆయన మొహం పరీక్షగా చూసింది. ఎండిన పెదవులు చూసింది. "అయ్యో నాయినా, నువ్వు గూడనా!" అని, కొంగుతో కళ్ళు తుడుచుకుని, దుకాణం గడప పక్కన చతికిలబడింది. "పొద్దు గూకనీ. నేను ఈడ్నె కూసుంట" అంది. హాజీ దుకాణం సగం మూసి, ఒక చాప తెచ్చి ఆమె కింద పరిచి, తను ఎదురుగా ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. ఒకరి మాట ఒకరికి రాదు. ఆయన ఏదో అంటే ఈమె "అవు, అవు" అనేది. ఈమె కర్నూలు దవాఖాన సంగతి అంతా తెలుగులోనే చెప్పింది, ఆయన తల ఊపుతూ విన్నాడు. మధ్యలో బడి వదిలి మా ఆయన మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి, ఈ సభను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

ఆ రోజులను ఇప్పటితో పోల్చి చూడవద్దనుకుంటూనే పోలుస్తాను. ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో పీర్ల పండుగ మాటెత్తితే, "అది వాళ్ళ పండుగ గదా ఆంటీ" అంటారు పిల్లలు. వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళకు అట్లాగే తెలుసు. అత్తగారి ఊళ్ళో సావిడి ఇంకా ఉందట. గుండం చిన్నదైందట, మలీద పెట్టెల్లో వస్తోందట. మా ఆయన నిండు నూరేళ్ళకు దగ్గరగా బతికి వెళ్ళిపోయాడు, అత్త అంతకు ఎంతో ముందే వెళ్ళిపోయింది. హాజీని, ఆమెను తలుచుకుంటే, అంత సులువుగా కలిసి ఆకలితో కూర్చున్న ఇద్దరు మనుషులను నేను మళ్ళీ చూశానా అనిపిస్తుంది.

ఆ సాయంత్రం పొద్దు గుట్ట వెనక్కి దిగింది. ఎక్కడో దూరంగా పిలుపు వినబడింది. హాజీ ముందు ఖర్జూరం గిన్నె ఉంది. ఆయన దాన్ని పక్కకు జరిపి, "బిస్మిల్లా" అని, మలీదలో నుంచి ఒక ముద్ద తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలి, కళ్ళు మూసి తెరిచి, ఏదో మంచి మాట అన్నాడు. తర్వాత ఇంకో ముద్ద చేసి, గుమ్మంలో ఉన్న మా ఆయనను దగ్గరికి పిలిచాడు. ఆ దేశంలో గౌరవించిన మనిషికి తమ చేత్తో నోట్లో ముద్ద పెడతారు. మా ఆయన సిగ్గుపడుతూ, చొక్కా జేబులో సుద్దముక్కలతో, అంత పొడుగు మనిషి వంగి నోరు తెరిచాడు. హాజీ ముద్ద పెట్టి, ఆయన తల మీద చెయ్యి వేశాడు.

మా అత్త కొడుకు నమలడం పూర్తయ్యేదాకా చూసింది. "ముట్టింది బిడ్డా," అంది నాతో, "పీరుకు ముట్టింది." నా భుజం పట్టుకుని నిమ్మళంగా ఊపిరి వదిలింది. తర్వాత చాప మీద కాళ్ళు చాపుకుని, "ఇగ నాకింత పెట్టవే, ఆకలికి పానం పోతాంది" అంది.